పల్లం వాళ్ల కొండ ప్రయాణం

బుధవారం

మా ఇంటి అరుగు గోడ మీద ఓ గీత ఉంది. 1986 ఆగస్టు వరదలో నీళ్లు అక్కడిదాకా వచ్చాయని నాన్న మేకుతో గీసింది. ఇంటికి రంగులు వేయించిన ప్రతిసారీ దాని మీద బ్రష్ పడకూడదని ముందే చెప్తారు. చిన్నప్పుడు నా ఎత్తు కొలిచిందీ దాని పక్కనే. ఏడో తరగతిలో గీత దాటాను. "ఇంక వీడు వరదకి మునగడు" అన్నారు నాన్న.

కోనసీమలో ఎత్తు అంటే మాకు అంతే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఆరడుగులు. ఆ ఆరడుగుల్లోనే లంకల్లో వాళ్లు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కేస్తారు. పొలంలో అయితే అడుగులు కూడా ఎక్కువే, అన్నీ అంగుళాలు. పక్క మడి కంటే కాస్త మెరకగా ఉంటే నీళ్లెక్కవు, కాస్త పల్లంగా ఉంటే నారు కుళ్లుతుంది. దీని మీద అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి.

ఇలాంటి చోట పుట్టిన మేము ఆదివారం ఓ కొండ శిఖరం ఎక్కి, చుట్టూ చూసి, అదే రోజు దిగిపోవాలని నిర్ణయించుకున్నాం. ఆలోచన మా మేనకోడలిది. కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది, పరీక్షలైపోయి ఇంటికొచ్చింది. వాళ్ల నాన్న, అంటే మా బావ, ఆరేళ్ల కిందట అలిపిరి నుంచి తిరుమల 3,550 మెట్లూ ఎక్కాడు కాబట్టి ఇంట్లో ఆయనే అనుభవజ్ఞుడు. మూడోవాణ్ణి నేను. నేను ఎక్కినవాటిల్లో ఎత్తయినది కొబ్బరిచెట్టు. అదీ సగం వరకే.

సాయంత్రం అరుగు మీద సమావేశం. ఏ కొండ? అన్నవరం అన్నాను. "రత్నగిరి మీదకి కారు వెళ్తుంది మావయ్యా, అది వ్రతానికి వెళ్లడం, ఎక్కడం కాదు" అని కొట్టేసింది. పాపికొండలన్నాడు బావ. అక్కడ లాంచీలో కూర్చుని కొండల్ని కింద నుంచి చూసి రావడమే, పైకి ఎక్కేదేముంది? తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయినది జిందగడ, 1,690 మీటర్లు. అది పాడేరు అవతల ఎక్కడో ఉంది, మాకు ఒక్కరోజులో అయ్యే పని కాదు. చివరికి మారేడుమిల్లి అవతల గుడిస దగ్గర ఆగాం. చెట్టన్నది లేకుండా పచ్చికతో ఉండే కొండలు, పైనుంచి నాలుగు వైపులా కనిపిస్తుంది. అందరూ తెల్లవారుజామున జీపులో పైదాకా వెళ్లి సూర్యోదయం చూసి వచ్చేస్తారు. మనం చివరి ఐదారు కిలోమీటర్లు జీపు దిగి నడుద్దామని పిల్ల పట్టు.

నోటుబుక్కు తీసి లెక్క మొదలెట్టింది. 1892లో నైస్మిత్ అని ఒక స్కాట్లండ్ ఆయన చెప్పిన సూత్రం ఉందట. నడకకి ఐదు కిలోమీటర్లకో గంట, ఎక్కుడుకి 600 మీటర్లకో గంట అదనంగా వేసుకోవాలి. ఆరు కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు అనుకుంటే గంటా నలభై రెండు నిమిషాలు.

మంచం మీంచి నాన్న అడిగారు. "ఆ దొర పొద్దున్నే చద్దన్నం తిని నడిచాడా, తినకుండా నడిచాడా?"

పిల్ల నవ్వి మా మూలాన యాభై శాతం కలిపింది. రెండున్నర గంటలు.

ఆ తర్వాత దిగాల్సిన టైము. అసలు మొత్తం ప్లానులో నాకు నచ్చింది ఇదే. డిసెంబరు మధ్యలో మన వైపు సూర్యుడు ఆరున్నరకి కాస్త ముందు వస్తాడు, ఐదున్నరకి వెళ్లిపోతాడు. చీకటి పడకముందే జీపు ఘాట్ దిగిపోవాలి. అందుకని పైదాకా చేరినా చేరకపోయినా, ఎదురుగా శిఖరం కనిపిస్తున్నా సరే, మధ్యాహ్నం పన్నెండున్నరకి వెనక్కి తిరగాలి. "కనిపిస్తున్నా సరే" కింద ఎర్రపెన్నుతో రెండు గీతలు గీసి మా ఇద్దరి చేతా సంతకం పెట్టించింది.

నాన్న మళ్లీ అడిగారు. "ఇంతకీ అక్కణ్ణుంచి మన కొబ్బరిచెట్లు కనబడతాయేంట్రా?"

నవ్వులాటకే అడిగారు గానీ పిల్ల దీనికీ లెక్క కట్టింది. మీటర్లలో ఎత్తుకి వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే నేలా ఆకాశం కలిసే గీత ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. కాలవగట్టు మీద నిలబడిన మనిషికి నాలుగున్నర కిలోమీటర్లే. వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి అయితే 113. మా ఊరు అక్కడికి గీత గీసినట్టు చూస్తే 120 కిలోమీటర్లు ఉంటుంది, అంటే అందదు. కానీ కొబ్బరిచెట్టు తానే ఇరవై మీటర్ల ఎత్తు కాబట్టి దాని తరఫున మరో 16 కలుస్తాయి. మొత్తం 129.

"అయితే మట్టలు కనబడాలి తాతయ్యా" అంది. "మధ్యలో ఇంకో కొండ అడ్డం లేకపోతే."

అమ్మ లోపల్నుంచి వచ్చి కోప్పడింది. "ఇందాకట్నుంచీ కొండెక్కుతాం, కొండెక్కుతాం అంటున్నారు. సంజె దీపం పెట్టిన వేళ అవేం మాటలు? కొండకి వెళ్తున్నాం అనండి." మా ఇళ్లలో దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. అప్పట్నుంచి నేనూ జాగ్రత్తగానే రాస్తున్నాను.

గురువారం

కోరుకొండలో రిహార్సల్. మోకాళ్లు ఏమంటాయో ముందే తెలియాలి కదా అని బావ ఆలోచన.

రావులపాలెం దగ్గర హైవే ఎక్కకుండా ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక వెళ్లి బ్యారేజి మీద గోదారి దాటాం. ఈ దారే నాకిష్టం. కాలవ పక్కనే రోడ్డు, మనం ఎగువకి పోతుంటే నీళ్లు దిగువకి ఎదురొస్తుంటాయి. మా వైపు దిక్కులు చెప్పేటప్పుడు ఉత్తరం దక్షిణం కంటే ఎగువా దిగువా అనే మాటలే ముందు వస్తాయి. ఆత్రేయపురంలో రెండు డబ్బాల పూతరేకులు కొన్నాం. పైన తినడానికి బరువు లేనివి కావాలని పిల్ల లిస్టులో రాసింది మరి.

బొబ్బర్లంక నుంచి పిచ్చుకలంకదాకా ర్యాలి వైపు గేట్లు 43, అక్కణ్ణుంచి ధవళేశ్వరందాకా 70. కారులోంచి లెక్కపెట్టబోయి ముప్పై దగ్గర తప్పాను. అటు మద్దూరు, విజ్జేశ్వరం వైపువి కూడా కలిపితే 175. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో అయ్యింది. ఇప్పుడు మేం దాటిన బ్యారేజి 1982 నాటిది. ధవళేశ్వరంలో దొర విగ్రహం కనబడగానే బావ ఎప్పట్లాగే స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి దణ్ణం పెట్టాడు. మా వైపు కాటన్ దొరకి పిండం పెట్టిన రైతులున్నారని మా తాత చెప్పేవాడు.

రాజమండ్రి దాటి గోకవరం దారిలో కాస్త దూరం పోగానే కోరుకొండ కనబడింది. చుట్టూ చదునుగా ఉన్న చోట ఎవరో తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. కింద ఒక గుడి, పైన ఒక గుడి, రెంటిలోనూ లక్ష్మీనరసింహస్వామే. 14వ శతాబ్దంలో ముమ్మిడి నాయకుడు ఇక్కడ్నుంచే రాజ్యం చేశాడు. ఫాల్గుణంలో తీర్థానికి కోనసీమ నుంచి కూడా జనం వెళ్తారు. మా అమ్మ చిన్నప్పుడు ఆ తీర్థంలో కొన్న లక్కపిడతలు మా అటక మీద ఇంకా ఉన్నాయి.

మెట్లు ఆరు వందల పైమాటే. నిట్రంగా ఉంటాయి, తిరుమల మెట్లలా మధ్యమధ్యలో చదును రాదు. మొదటి వంద మాట్లాడుకుంటూ ఎక్కాం. రెండో వందలో మాటలు ఆగిపోయాయి. మూడో వందలో బావ ఒక మెట్టు మీద కూర్చుని, శిల్పం ఏదో చూస్తున్నట్టు నటించాడు. అక్కడ శిల్పం లేదు, కోతి ఉంది. నా చేతిలో కొబ్బరికాయ సంచి ఉంది. తర్వాత లేదు.

పిల్ల ఒక చిట్కా చెప్పింది. ఆయాసం వచ్చాక ఆగడం కాదు, రాకుండా ఉండేంత నెమ్మదిగా ఎక్కాలి. నడుస్తూ పూర్తి వాక్యం ఒకటి చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. "శ్రీమతే రామానుజాయ నమః" అనుకుంటూ ఎక్కమన్నాడు బావ. అదే కొలతగా పెట్టుకుంటే నిజంగానే పనిచేసింది.

పైనుంచి చూస్తే దక్షిణం వైపు నేల క్రమంగా పచ్చబడుతూ పోయింది. కొండ చుట్టుపక్కల మెట్ట పొలాలు, ఎర్రనేల. దూరం పోయేకొద్దీ చెట్లు చిక్కబడి, ఒక చోట అన్నీ కలిసిపోయి ముదురాకుపచ్చ గీతలా మారాయి. వంద మీటర్ల ఎత్తుకి 36 కిలోమీటర్లని పిల్ల లెక్క. ధవళేశ్వరం అంతకంటే దగ్గరే. ఓ చోట తెల్లగా మెరిసింది గోదారేనని బావ, చేపల చెరువని నేను కాసేపు వాదించుకున్నాం. పూజారిగారు వచ్చి చూసి, "రేకుల షెడ్డండి" అని తేల్చేశారు.

రిహార్సల్‌లో ఒక పెద్ద తప్పు జరిగింది. అప్పుడు తెలియలేదు. గుడి కదా, చెప్పులు కిందే వదిలేసి ఎక్కాం. ఆదివారం కోసం కొన్న కొత్త బూట్లు డిక్కీలో పెట్టెలోనే ఉండిపోయాయి.

శుక్రవారం

పిక్కలు పట్టేశాయి. వీధి అరుగు రెండు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను. ఎక్కినందుకు కాదు, దిగినందుకే ఈ నొప్పులట. దిగేటప్పుడు కండ సాగుతూ బరువు మోస్తుంది కాబట్టి మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది. అమ్మ నువ్వులనూనె వెచ్చచేసి రాసింది. సంచి సర్దడం పిల్ల చూసుకుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టార్చి, ఈలలు, దోమల మందు, బ్యాండేజీలు. స్వెట్టర్లు మా ఇంట్లో ఎవరికీ లేవు. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరేడు డిగ్రీలు చలి పెరుగుతుందంటే నాన్న తన మంకీ క్యాప్ ఇచ్చారు.

శనివారం

తెల్లారగట్ల బయల్దేరాలనుకున్నాం, పదయ్యింది. పనివాళ్లు నారుమడికి వచ్చారు, వాళ్లకి టిఫిను పెట్టకుండా ఎలా వెళ్తాం? సార్వా, అంటే మొదటి పంట, కుప్పలు ఇంకా కొన్ని పొలాల్లోనే ఉన్నాయి, రెండో పంట దాళ్వాకి నారు పోసే హడావుడి ఇటు మొదలైపోయింది. "ఇలాంటప్పుడు ఎవరైనా షికారు పెట్టుకుంటారా?" అన్నట్టు నాన్న చూశారు. అనలేదు. అల్లుడుగారు పక్కనున్నారు కదా.

గోకవరం దాటాక జీడిమామిడి తోటలు, అక్కణ్ణుంచి అడవి. రంపచోడవరం దగ్గర్లోని భూపతిపాలెం రిజర్వాయరు దగ్గర ఆగి టీ తాగాం. టీ గ్లాసు పట్టుకుని బావ కొండల వైపు చూస్తూ 1922 సంగతి ఎత్తాడు. అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పట్టుకున్నాడు. రోజుకొకటి. "వానాకాలంలో, ఇవే కొండల్లో, తుపాకులు మోసుకుంటూ" అన్నాడు బావ. "మనం ఆరు కిలోమీటర్లకి నాలుగు రోజులుగా మీటింగులు పెడుతున్నాం." తర్వాత కాసేపు ఎవరూ ఏం మాట్లాడలేదు. పిల్ల మాత్రం, వాళ్లకీ ప్లాను ఉండే ఉంటుందని గొణిగింది.

మారేడుమిల్లిలో మేం ఫోనులో మాట్లాడుకున్న గది వేరేవాళ్లకి ఇచ్చేశారు. శనివారం రాత్రి, డిసెంబరు, గొడవపడి లాభం లేదు. ఆఖరికి ఓ ఇంటి మేడ మీద గది దొరికింది. బాత్రూములో వేణ్ణీళ్లు లేవు గానీ దుప్పట్లు మందంగా ఉన్నాయి.

సాయంత్రం రోడ్డు పక్కన బొంగులో చికెన్ చేస్తుంటే నిలబడి చూశాను. పచ్చి వెదురు బొంగు, మూర పైన పొడవు, ఒకవైపు కణుపు మూసే ఉంటుంది. ఉప్పూ కారం మసాలా పట్టించిన ముక్కల్ని అందులోకి కూరి, మూతికి ఆకు ఉండచుట్టి బిగించాడు. చుక్క నూనె లేదు. నిప్పుల మీద పెట్టి అరచేత్తో నెమ్మదిగా దొర్లిస్తూ కూర్చున్నాడు. బొంగు పైన ఆకుపచ్చ ముందు పసుపైంది, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత అక్కడక్కడ నలుపు. మూతి దగ్గర బుడగలు రావడం మొదలయ్యాక ఆకు చివర వాసన చూసి, ఇంకో రెండు దొర్లింపులని వేళ్లతో చూపించాడు. టైము చూసే పని లేదు. మా పిల్ల మాత్రం ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టింది.

జీపు మాట్లాడాం. మధ్యలో దింపేసి, ఖాళీ జీపు పైన ఎదురుచూడాలంటే డ్రైవరుకి అర్థం కాలేదు. "డబ్బులు అంతే అవుతాయండి" అన్నాడు. అంతే ఇస్తామన్నాం. "మరి నడవడం దేనికండి?" అన్నాడు. ఆ ప్రశ్నకి మా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. తెల్లవారుజామున మూడున్నరకి వస్తానన్నాడు.

ఆదివారం

ఐదుంపావుకి వచ్చాడు. రాత్రి ఇంకో బేరం తగిలిందట. బావ కోపం పట్టలేక ఇంగ్లీషులో తిట్టబోయి, చలికి పళ్లు కొట్టుకుని మాట రాక ఆగిపోయాడు. సూర్యోదయం పోయింది. ప్లానులో మొదటి గీత కొట్టేసింది పిల్ల.

అటవీశాఖ గేటు దగ్గర టికెట్లు తీసుకుని, పుల్లంగి దాటాక రోడ్డు నెమ్మదిగా రోడ్డు కాకుండా పోయింది. ఎర్రమట్టి, రాళ్లు, జీపు చక్రాలు తవ్విన గాళ్లు. ఎనిమిదింటికి మమ్మల్ని దింపాడు. "పైదాకా ఆరు ఉంటుందండి" అని, ఇంకోసారి ఆలోచించుకోమన్నట్టు ఇంజిను ఆపకుండా ఓ నిమిషం ఉండి వెళ్లిపోయాడు.

జీపు చప్పుడు పోయాక అసలు సంగతి తెలిసింది. అంత నిశ్శబ్దం మా ఊళ్లో ఉండదు. మాకు ఎప్పుడూ ఎక్కడో ఒక మోటారు తిరుగుతూనే ఉంటుంది.

మొదటి అరగంట బాగానే సాగింది. ఆ తర్వాత పైనుంచి జీపులు దిగడం మొదలైంది. సూర్యోదయం చూసి తిరిగి వస్తున్న కుర్రాళ్లు, టాపు మీద కూర్చుని పాటలు పెట్టుకుని. ప్రతి జీపూ మా దగ్గర ఆగింది. "బండి చెడిపోయిందా అంకుల్?" లేదు బాబూ, నడుస్తున్నాం. "పర్లేదు అంకుల్, ఎక్కండి, కిందకి దింపేస్తాం." లేదు, పైకి నడుస్తున్నాం. ఆరో జీపుకి బావ సమాధానం చెప్పడం మానేసి, ఆగకముందే చెయ్యి ఊపి పంపించేస్తున్నాడు. వాళ్లు పోయాక దుమ్ములో నిలబడి మొహం తుడుచుకుని మళ్లీ నడక.

రెండో కిలోమీటరులో కొత్త బూటు కరిచింది. ఎడమ మడమ. కోరుకొండలో వేసుకుని ఉంటే అక్కడే తెలిసేది, పాతవాటితో వచ్చేవాణ్ణి. రాయి మీద కూర్చుని సాక్సు తీస్తే అప్పటికే బొబ్బ లేచింది. పిల్ల బ్యాండేజీ వేసి పైన ఇంకో పొర ప్లాస్టరు చుట్టింది. "మంట మొదలైనప్పుడే ఎందుకు చెప్పలేదు మావయ్యా?" అంది. ఏం చెప్పను? కొండకి బయల్దేరిన గంటలో చెప్పు కరిచిందంటే పరువేం ఉంటుంది?

అక్కడే కూర్చుని ఉండగా ఒకావిడ వెనకనుంచి వచ్చి మమ్మల్ని దాటింది. నెత్తి మీద బియ్యం మూట, వీపున గుడ్డలో పసివాడు, కాళ్లకి హవాయి చెప్పులు. ఆవిడ కూడా అడిగింది, జీపు చెడిపోయిందా అని. లేదన్నాం. నా మడమ వైపు చూసి, చెప్పులు లేవా అంది. ఉన్నాయి, కారులో. ఆవిడ నవ్వలేదు గానీ మూట కింద మొహం కాస్త అటు తిప్పుకుంది. మలుపు తిరిగి మేం చూస్తుండగానే కనబడకుండా పోయింది. నైస్మిత్ దొర సూత్రం ఆవిణ్ణి చూసి కట్టింది కాదు.

బూట్ల నిండా ఎర్రమట్టి పట్టింది. బావ ఒక పెళ్ల తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. రైతు ఎక్కడికెళ్లినా చేసే పని అదే కదా. "ఆషాఢంలో మనకి ఎర్రనీళ్లుగా వచ్చేది ఇలాంటిదే" అన్నాడు. మాకు గోదారి ఎర్రబడిందంటే ఎగువన వానలు పడ్డాయని గుర్తు. వరద తీశాక లంకల్లో ఒండ్రు ఎంత మందాన పడిందో చేత్తో కొలుస్తారు. నాలుగంగుళాలు పడితే ఆ ఏడాది కూరగాయలకి ఎరువు తగ్గించేస్తారు. ఆ పెళ్లని బావ పారెయ్యకుండా రుమాల్లో కట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

చెట్లు పలచబడి, ఆగిపోయి, ఆపైన అంతా గడ్డే. పదీ ముప్పావుకి ఒక గుట్ట ఎక్కి శిఖరం వచ్చేసిందనుకున్నాం. దాని వెనక ఇంకోటి, ఎత్తుగా. అదీ ఎక్కితే దాని వెనక మరోటి. ఇలా మూడుసార్లు మోసపోయాం. చదును నేలలో ఈ బాధ ఉండదు, కనబడిందంటే ఉన్నట్టే. పదకొండుంబావు, మూడు గంటలూ పావు నడిచాక, ఇంక పైన ఏమీ లేని చోటికి వచ్చాం. జీపు అక్కడే ఆగి ఉంది. డ్రైవరు లోపల నిద్రపోతున్నాడు.

ఆ వేళకి టూరిస్టులు ఒక్కరు కూడా లేరు. ఆలస్యం చేసినందుకు డ్రైవరుకి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకున్నాను. కింద ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు మాత్రం పొద్దుటివాళ్లు ఉంచి వెళ్లారు. పిల్ల ఒక సంచి నిండా ఏరింది.

చుట్టూ కొండలే. దగ్గరివి గడ్డితో పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు, వాటి వెనక అడవితో నల్లగా, ఇంకా వెనక నీలం, ఆ వెనకవి ఉన్నాయో లేవో తెలియనంత పలచన. ఒక్కటి కూడా పక్కదానితో సమానమైన ఎత్తు లేదు. లోయల్లో అక్కడక్కడ పోడు కొట్టిన చదరాలు, నాలుగైదు ఇళ్లు, ఒక చోట సన్నటి పొగ. గాలి గడ్డి మీద నుంచి వస్తుంటే గడ్డి వంగడం ముందు కనబడేది, తర్వాత ఒంటికి తగిలేది. మా వైపు వరిచేను పొట్ట మీద ఉన్నప్పుడు సరిగ్గా అలాగే ఉంటుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు కొత్త అనిపించలేదు. మిగతాదంతా చూడ్డానికి కళ్లు సరిపోలేదు. నిజానికి ఎక్కడ చూడాలో తెలియలేదు. మాకు చూపు ఎప్పుడూ ఒక చెట్టు దగ్గరో గోడ దగ్గరో ఆగుతుంది. ఇక్కడ ఆగేది ఏదీ లేక, చివరికి నా బూటు వైపు చూసుకున్నాను. సాక్సు నిండా గడ్డి విత్తనాలు గుచ్చుకుని ఉన్నాయి.

బావ గోదారి ఎటు అన్నాడు. పడమట, పాపికొండల సందులో ఉండాలి. కొండలు కనబడుతున్నాయి, సందు కనబడలేదు.

పిల్ల ఫోనులో దిక్సూచి పెట్టి దక్షిణం వైపు తిరిగింది. తాతయ్య కొబ్బరిచెట్లు. మూడు వరసల కొండలు, వాటి అవతల ఆకాశం కింది భాగమంతా పాలలో నీళ్లు కలిపినట్టు మబ్బు తెలుపు. కొండలు అడ్డమో మంచు అడ్డమో చెప్పడానికి లేదు. ముగ్గురం పది నిమిషాలు అటే చూశాం. లెక్క ప్రకారం కనబడాలని ఆ పిల్ల అంటూనే ఉంది.

పూతరేకుల డబ్బా తీశాం. నాలుగు రోజులు కారులోనూ, మూడు గంటలు సంచిలో నీళ్ల సీసా కిందా ఉండి, లోపల రేకు అన్నది మిగల్లేదు. బెల్లం, నెయ్యి, జీడిపప్పు, పొడి. మూతలో పోసుకుని వేళ్లతో నాకాం. అమ్మ కట్టిన దిబ్బరొట్టె మాత్రం చెక్కుచెదరలేదు. రాయి మీద పెట్టి ముక్కలు చేసి, డ్రైవర్ని లేపి అతనికీ పెట్టాం. తిని, "ఇది బాగుందండి, దీనికి నడవాలా?" అన్నాడు.

పన్నెండూ ఇరవై ఐదుకి పిల్ల ఈల వేసింది. కాసేపు ఆగుదాం, ఇంకా వెలుతురు బోలెడుందన్నాడు బావ. నోటుబుక్కు తీసి ఆయన సంతకం చూపించింది. దిగేటప్పుడు కూడా నడవాలన్నది ప్లాను. నా మడమ చూసి తనే ప్లానులో రెండో గీత కొట్టేసింది. జీపెక్కాం. పైకి మూడు గంటలూ పావు పట్టిన దారి కిందకి ఇరవై నిమిషాలు. మలుపులో ఒక ఇంటి ముందు పొద్దుటావిడ చాటలో బియ్యం చెరుగుతోంది. పిల్ల చెయ్యి ఊపింది. ఆవిడ తలెత్తి మమ్మల్ని జీపులో చూసి, ఈసారి బాగా నవ్వింది.

రంపచోడవరం దగ్గర ఫోనుకి సిగ్నల్ తగిలి, వరసగా తొమ్మిది మెసేజీలు వచ్చాయి. ఇంటికి చేశాను. మొదటి రింగుకే నాన్న ఎత్తారు.

"ఏరా, కనబడ్డాయా?"

"లేదు నాన్నా. మంచు."

"అనుకున్నాలే. పదకొండింటప్పుడు నేనూ డాబా ఎక్కి చూశాను. మీరూ కనబళ్లేదు."

బావ పక్కనుంచి ఫోను లాక్కుని స్పీకరు పెట్టాడు. పిల్ల మధ్యలో దూరి, మూడు వరసల కొండల గురించి తాతయ్యకి చెప్పబోయింది.

"ఆయ్, అవన్నీ వచ్చాక చెప్దువుగానీ. ముందు మావయ్యకి చెప్పు. నారుమడి ఈశాన్యం మూల రెండంగుళాలు మెరకైపోయింది, నీళ్లెక్కట్లేదు. రేపు పొద్దున్నే పార పట్టుకుని దిగాలి. కాళ్లు బాగానే ఉన్నాయా వాడికి?"

పిల్ల నా మడమ వైపు చూసింది. బాగానే ఉన్నాయని చెప్పమన్నట్టు నేను తలాడించాను.

"బాగానే ఉన్నాయి తాతయ్యా" అంది.